బొమ్మలు గీయడం రాని గేమ్ డెవలపర్‌కి హెక్స్ టైల్స్

[తెర మీద: ఖాళీ కాన్వాస్. ఒకదాని తర్వాత ఒకటి 6 చుక్కలు పడతాయి.]

గీత తిన్నగా రాకపోయినా ఫరవాలేదు. హెక్స్ టైల్‌కి, అంటే గేమ్ మ్యాప్‌లో పేర్చే ఆరు భుజాల పలకకి, కావలసినవి 6 బిందువులు, ఒక వెలుగు దిక్కు, అదుపులో ఉన్న నాలుగు రంగులు. ఇవన్నీ అంకెల్లో రాసుకోగలిగేవే కాబట్టి బ్రష్ జోలికి వెళ్లకుండానే పని నడుస్తుంది.

ముందు సైజు తేల్చుకుందాం. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, తర్వాత ప్రతి టైల్‌నీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటూ కూర్చుంటారు. హెక్సాగన్‌ని కొన పైకి ఉండేలా నిలబెడితే ఎత్తు భుజానికి 2 రెట్లు, వెడల్పు √3 రెట్లు. చిక్కంతా ఈ √3 తోనే. భుజం 32 పిక్సెళ్లు తీసుకుంటే వెడల్పు 55.43. దాన్ని 55 చేశారనుకోండి, ఒక వరుస విడిచి ఒక వరుస సగం వెడల్పు పక్కకి జరగాలి, అంటే 27.5. అర పిక్సెల్ వచ్చిన చోటల్లా మసకో, సన్నటి సందో కనిపిస్తుంది.

[తెర మీద: 104 × 120 పెద్ద అక్షరాల్లో.]

భుజం 60 పెట్టండి. వెడల్పు 103.92 వస్తుంది, 104 అనుకుంటే తేడా 0.1 శాతం లోపే. ఎత్తు 120, వరుసకీ వరుసకీ దూరం 90, పక్కకి జరిగేది 52. అన్నీ పూర్ణాంకాలే. చిన్న టైల్ కావాలంటే సరిగ్గా సగం: 52 × 60, వరుస దూరం 45.

పాలిగాన్ టూల్‌తో కుస్తీ పట్టకుండా ఎస్‌వీజీ ఫైల్‌లో (బొమ్మని అంకెలుగా రాసుకునే ఫైల్) బిందువులు నేరుగా టైప్ చేయండి: (52, 0), (104, 30), (104, 90), (52, 120), (0, 90), (0, 30). మధ్య బిందువు (52, 60). ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మీ టైల్ సిద్ధంగా ఉంటుంది.

[తెర మీద: పక్కపక్కన పేర్చిన టైల్స్. మధ్యలో సన్నటి గీతలు, జూమ్.]

పేర్చగానే కనిపించే ఈ సన్న గీతలు మీ కోడ్ తప్పు కాదు. ఏటవాలు అంచు మీద పిక్సెల్ సగమే నిండుతుంది. పక్క టైల్ అంచు కూడా అక్కడ సగమే. రెండు సగాలూ కలిస్తే నిండాలి అనిపిస్తుంది గానీ, రెండో టైల్ కప్పేది మిగిలిన దాంట్లో సగం. మొత్తం 75 శాతమే, వెనక రంగు 25 శాతం బయటికి కనిపిస్తుంది. మందు ఏమిటంటే, టైల్ చుట్టూ దాని రంగుతోనే 2 పిక్సెళ్ల స్ట్రోక్ (అంచు గీత) వేయండి. సగం లోపలికి, సగం బయటికి పోతుంది కాబట్టి ప్రతి వైపూ 1 పిక్సెల్ పక్క టైల్ మీదికి ఎక్కుతుంది. కాన్వాస్‌ని 108 × 124 చేసి అన్ని వైపులా 2 పిక్సెళ్లు వదలండి. గ్రిడ్ లెక్కలో మాత్రం 104, 120 అలాగే ఉంటాయి.

నల్ల అవుట్‌లైన్ మాత్రం ప్రతి టైల్‌కీ వేయొద్దు. పక్కపక్క టైల్స్ దగ్గర గీత రెండింతలై, మ్యాప్ అంతా కిటికీ జాలీలా కనిపిస్తుంది. గ్రిడ్ గీతలు కావాలంటే విడి లేయర్‌గా పెట్టి, ఆటగాడు పావుని ఎంచుకున్నప్పుడే చూపించండి.

[తెర మీద: హెక్సాగన్ 6 త్రిభుజాలుగా విడిపోతుంది.]

ఇప్పుడు అసలు సరదా. మధ్య బిందువు నుంచి 6 మూలలకీ గీతలు లాగితే 6 త్రిభుజాలు. వెలుగు పై ఎడమ నుంచి వస్తోందని ఒక్కసారి నిర్ణయించి, ఇక మార్చకండి. రంగుని హ్యూ (ఏ రంగు), శాచురేషన్ (ఎంత గాఢం), లైట్‌నెస్ (ఎంత లేత) అనే 3 అంకెల్లో చెప్పే హెచ్‌ఎస్‌ఎల్‌లో లైట్‌నెస్ ఇలా: పై ఎడమ త్రిభుజం 68, దాని రెండు పక్కలవి 60, వాటి తర్వాతి రెండూ 48, కింద కుడిది 38. అంతే, కొండ లేచింది. మధ్య బిందువుని (52, 38)కి జరిపితే అదే కొండ ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. ఇవే అంకెల్ని తిరగేస్తే గుంట: పై ఎడమ 38, కింద కుడి 68. త్రిభుజాల మధ్య కూడా ఆ సన్న గీతలే వస్తాయి, అందుకే అడుగున మధ్యరకం రంగుతో నిండు హెక్సాగన్ ఒకటి పరవండి.

నీడకి నలుపు కలపడం కొత్తవాళ్లు తరచూ చేసే పని. రంగు మురికిగా తేలుతుంది. హ్యూ కూడా జరపండి: గడ్డి అసలు హ్యూ 100 అయితే, వెలుగు వైపు 80, నీడ వైపు 130. నేల శాచురేషన్ 25 నుంచి 45 మధ్యే ఉంచండి, పావులకి 70 పైన ఇవ్వండి. నేల మరీ మెరిసిపోతుంటే పావు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. స్క్రీన్‌షాట్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. పావు నేలలో కలిసిపోతే సరిచేయాల్సింది లైట్‌నెస్, రంగు కాదు.

[తెర మీద: ఒకే గడ్డి టైల్ వందసార్లు. తర్వాత 3 రకాలు కలిసిన మ్యాప్.]

ఒకే టైల్ పదే పదే వస్తే కంటికి వెంటనే దొరికిపోతుంది. 3 రకాలు చేసి, గడి స్థానాన్ని చెప్పే క్యూ, ఆర్ అనే రెండు అంకెల (యాక్సియల్ కోఆర్డినేట్లు) తేడాని, అంటే (క్యూ − ఆర్)ని, 3తో భాగించగా వచ్చే శేషాన్ని బట్టి ఎంచుకోండి. యాక్సియల్ కోఆర్డినేట్లలో పక్కపక్క గళ్లకి ఈ శేషం ఎప్పుడూ ఒకటి కాదు. సీ షార్ప్‌లో రుణసంఖ్యకి శేషం కూడా రుణంగానే వస్తుంది, అర్రే ఇండెక్స్ అక్కడ పగులుతుంది. 3 కలిపి మళ్లీ శేషం తీయండి. ఈ పద్ధతికీ ఒక క్రమం ఉంటుంది, కాబట్టి 3 రకాల మధ్య లైట్‌నెస్ తేడా 2, 3 దాటనివ్వకండి.

తీరాల సంగతి. ఒక గడికి ఉన్న 6 వైపుల్లో ప్రతి వైపూ నీరు ఉండొచ్చు, లేకపోవచ్చు: 64 కలయికలు. తిప్పితే ఒకటయ్యేవి తీసేస్తే 14 మిగులుతాయి. ఆశపడకండి, టైల్‌ని తిప్పితే వెలుగు దిక్కు కూడా తిరుగుతుంది. అంచుకొకటి చొప్పున 6 ఓవర్‌లేలు (టైల్ మీద పరిచే బొమ్మలు) చేసి, అవసరమైనవి ఒకదాని మీద ఒకటి వేయడమే నయం.

[తెర మీద: టైల్‌కి కింద గోడ మొలుస్తుంది.]

టైల్‌కి మందం కావాలంటే కింది రెండు అంచుల్నీ 24 పిక్సెళ్లు కిందికి లాగండి. ఎడమ గోడ కాస్త లేత, కుడి గోడ ముదురు. కాన్వాస్ 108 × 148 అవుతుంది. పై వరుస నుంచి కింది వరుసకి గీయాలి, లేకపోతే వెనక టైల్ గోడ ముందు టైల్ మీదికి వస్తుంది. యూనిటీ గేమ్ ఇంజిన్‌లో పిక్సెల్స్ పర్ యూనిట్ 120, సెల్ సైజ్ ఎక్స్ 0.866667, వై 1. పివట్‌ని (టైల్‌ని గ్రిడ్‌కి తగిలించే బిందువు) మధ్యలో వదిలేస్తే టైల్ గ్రిడ్ కంటే 12 పిక్సెళ్లు పైకి తేలుతుంది. అది పై ముఖం మధ్యలో ఉండాలి: యూనిటీ కింద నుంచి కొలుస్తుంది కాబట్టి 86ని 148తో భాగించి, పివట్ వై దగ్గర 0.581 రాయండి.