30 మంది ముసుగు మీద 14 లక్షల ఓట్లు

[దృశ్యం: నల్లటి తెర. మెల్లగా రెండు కళ్లు కనిపిస్తాయి. కనుబొమలు ముడిపడి ఉంటాయి.]

2021లో, చలికాలం ఇంకా పూర్తిగా వెళ్లకముందే, స్విట్జర్లాండ్ రోడ్ల పక్కన ఒక పోస్టరు వెలిసింది. నల్లటి ముసుగులో ఒక స్త్రీ. ముసుగు సందులోంచి కనిపించేవి రెండు కళ్లే. ఆ కళ్లలో కోపం. పక్కన పెద్ద అక్షరాల్లో "తీవ్రవాదాన్ని ఆపండి" అన్న నినాదం. అది ఫొటో కాదు, గీసిన బొమ్మ. అంటే ఆ కోపం ఏ స్త్రీ కళ్లలోనూ చూసి తీసుకున్నది కాదు, బొమ్మ వేసినవారు పెట్టినది. ఈ వీడియో చూస్తున్నంతసేపూ ఆ సంగతి మనసులో ఉంచుకోండి.

మార్చి 7, ఆదివారం. ఆ రోజు ఆ దేశ ప్రజలు ఒక ప్రశ్న మీద తీర్పు ఇచ్చారు. బహిరంగ ప్రదేశాల్లో ఎవరూ ముఖం కప్పుకోకూడదని రాజ్యాంగంలో రాయాలా, వద్దా? రాయాలన్నవారు 51.2 శాతం. వద్దన్నవారు 48.8 శాతం. 14 లక్షల మందికి పైగా "సరే" అన్నారు. నిషేధం రాజ్యాంగంలోకి ఎక్కింది.

[దృశ్యం: మూడు రేఖాచిత్రాలు పక్కపక్కన. తలకు కట్టిన వస్త్రం, కళ్లు మాత్రమే కనిపించే ముసుగు, కళ్ల ముందు జాలీ ఉన్న ముసుగు.]

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. ఇక్కడే మన తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడతారు. హైదరాబాదులోనైనా, కర్నూలులోనైనా మనం బురఖా అంటే ఒంటి నిండా వేసుకునే నల్లటి వస్త్రం. ముఖం తెరిచి ఉన్నా బురఖాయే, కప్పి ఉన్నా బురఖాయే. యూరప్‌లో జరిగే వాదనల్లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ బురఖా అంటే అఫ్గానిస్తాన్‌లో కనిపించేది, కళ్ల ముందు కూడా సన్నటి జాలీ ఉండేది. కళ్లు మాత్రం వదిలి ముఖం కప్పేది నికాబ్. మన దగ్గర దాన్నే నకాబు అంటారు. జుట్టు, మెడ కప్పి ముఖం పూర్తిగా తెరిచి ఉంచేది హిజాబ్.

స్విస్ ఓటు ముఖం కప్పే ముసుగు గురించి మాత్రమే. హిజాబ్ జోలికి అది వెళ్లలేదు. అయినా ప్రచారమంతా "బురఖా నిషేధం" అన్న పేరుతోనే సాగింది.

చార్మినార్ వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కినవాళ్లకు నకాబు వింత కాదు. పక్క సీటులో ఉన్నావిడ ముసుగు అంచు కాస్త పైకెత్తి నీళ్లు తాగుతుంది, కండక్టరుకు చిల్లర ఇస్తుంది, ఒళ్లో పిల్లవాడు నిద్రపోతే మనతో రెండు మాటలు మాట్లాడుతుంది. అలాంటి దృశ్యం రోజూ చూసే మనకు, ఒక దేశం దేశమంతా దీని మీద ఓటు వేసిందంటే ముందు ఆశ్చర్యం కలుగుతుంది. అందుకే అక్కడ ఏమి జరిగిందో అక్కడి కళ్లతోనే చూడాలి.

[దృశ్యం: స్విట్జర్లాండ్ పటం. ఎగర్‌కింగెన్ అన్న చోట ఒక చుక్క.]

స్విట్జర్లాండ్‌లో రాజ్యాంగాన్ని మార్చమని అడిగే హక్కు నేరుగా పౌరులకే ఉంది. 18 నెలల్లో లక్ష సంతకాలు సేకరిస్తే చాలు, ఆ ప్రతిపాదన మీద దేశమంతా ఓటు వేయాల్సిందే. గెలవాలంటే మొత్తం ఓట్లలోనూ మెజారిటీ రావాలి, కాంటన్లు అనే వాళ్ల రాష్ట్రాల్లోనూ మెజారిటీ రావాలి.

ఈ ప్రతిపాదన తెచ్చింది ఎగర్‌కింగెన్ కమిటీ. దానికి నాయకుడు స్విస్ పీపుల్స్ పార్టీకి చెందిన అప్పటి పార్లమెంటు సభ్యుడు వాల్టర్ వోబ్‌మన్. ఈ బృందానికి ఇది మొదటి ఓటు కాదు. 2009 నవంబరులో మసీదులపై మినార్లు కట్టకూడదన్న ప్రతిపాదనను గెలిపించింది కూడా వీళ్లే. అప్పుడు 57.5 శాతం మంది మద్దతు ఇచ్చారు. ఆ నాటికి దేశం మొత్తం మీద ఉన్న మినార్లు ఎన్నో తెలుసా? నాలుగు.

ఈసారి లెక్క కూడా అలాంటిదే. లూసర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దేశంలో నికాబ్ వేసుకునే స్త్రీలు ఎంతమంది ఉంటారో అంచనా కట్టారు. 21 నుంచి 37 మంది మధ్య ఉంటారని తేలింది. అప్పటి జనాభా 86 లక్షలకు పైనే. జనాభాలో సుమారు 5 శాతం ఉన్న ముస్లింలలో చాలామంది బోస్నియా, కొసావో, టర్కీ మూలాల వాళ్లు. ఆ కుటుంబాల్లో ముఖం కప్పే అలవాటు దాదాపు లేదు. ఆ కొద్దిమంది ఎవరో కూడా పరిశోధకులు చెప్పారు. ఎక్కువమంది పడమటి దేశాల్లోనే పెరిగినవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు, తమంతట తాము ఆ వస్త్రం ఎంచుకున్నవాళ్లు.

వాళ్లు కాక వేసవిలో గల్ఫ్ దేశాల నుంచి ఇంటర్‌లాకెన్ వంటి చోట్లకు వచ్చే పర్యాటకులు ఉన్నారు. మన సినిమా పాటల్లో చూసిన మంచుకొండల దారిలో ఉన్న ఊరే అది. వ్యాపారం దెబ్బతింటుందని అక్కడి హోటళ్ల వాళ్లు నిషేధాన్ని వ్యతిరేకించారు. నిజం చెప్పాలంటే ఇది నాకు బలమైన వాదనగా అనిపించదు. ఒక స్త్రీ హక్కు ఆమె ఖర్చు పెట్టే డబ్బు మీద ఆధారపడకూడదు కదా.

[దృశ్యం: 1971 నాటి నలుపు తెలుపు చిత్రం. ఓటు పెట్టె దగ్గర స్త్రీలు.]

నిషేధం కోరినవాళ్లందరినీ ముస్లిం ద్వేషులని కొట్టిపారేయడం తేలిక. అది న్యాయం కాదు. ట్యునీసియాలో పుట్టి స్విట్జర్లాండ్‌లో స్థిరపడిన సయీదా కెల్లర్-మెస్సాలి ముస్లిం, స్త్రీవాది. ప్రగతిశీల ఇస్లాం కోసం ఒక వేదిక స్థాపించారు. ఆమె నిషేధాన్ని సమర్థించారు. ఆమె వైపు వాళ్ల వాదన ఇలా సాగుతుంది: ముఖం మనిషికి గుర్తింపు. దాన్ని చెరిపేయమని స్త్రీకి మాత్రమే చెప్పే ఆచారం ఆమెను పౌరురాలిగా లెక్కలోంచి తీసేస్తుంది. "నా ఇష్టం" అన్న మాట వెనుక చిన్ననాటి నుంచి నూరిపోసిన భయం ఉండవచ్చు. ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారని ఒక అమ్మాయి బయటికి చెప్పుకోలేనప్పుడు చట్టం ఆమెకు ఒక సాకు ఇస్తుంది: "నేను తీయడం లేదు నాన్నా, చట్టం తీయిస్తోంది."

ఈ చివరి మాట నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. ఇల్లు దాటి రావడానికి ఎన్ని సాకులు వెతుక్కోవాలో తెలిసిన స్త్రీలు మన ఇళ్లలోనూ ఉన్నారు. కాబట్టి దీన్ని నేను తేలికగా తోసిపుచ్చలేను.

అయితే ఆ సాకు ఇంకోలా కూడా పనిచేస్తుంది. నిజంగానే ఇంట్లో బలవంతం ఉంటే, ముసుగు లేకుండా బయటికి వెళ్లనివ్వని ఆ ఇల్లు, ముసుగుతో వెళ్లడం నేరమైన రోజున ఆమెను అసలు గడప దాటనిస్తుందా? ఆసుపత్రి, బడి, బస్సు, పక్కింటి స్నేహితురాలు, అన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. సహాయం అందాల్సిన స్త్రీ సహాయానికే అందకుండా పోతుంది.

ఇంకో సంగతి. స్విట్జర్లాండ్‌లో జాతీయ స్థాయిలో స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది 1971 ఫిబ్రవరి 7న. ఈ ఓటింగుకు సరిగ్గా 50 ఏళ్ల ఒక నెల ముందు. అప్పుడు కూడా ఓటు పెట్టె దగ్గర నిలబడి నిర్ణయించినవాళ్లు పురుషులే. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అన్న చిన్న కాంటన్‌లో, 1990లో సుప్రీంకోర్టు ఆదేశించేదాకా, స్థానిక ఎన్నికల్లో స్త్రీలకు ఓటే లేదు. స్త్రీ ఏమి చేయాలో ఇతరులు తీర్మానించడం ఆ దేశానికి పాత జ్ఞాపకం కాదు. బతికి ఉన్న అమ్మమ్మల జ్ఞాపకం.

[దృశ్యం: ఫ్రాన్స్ పార్లమెంటు భవనం. ఆ తరువాత స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం.]

ఈ కథకు ముందు భాగం ఫ్రాన్స్‌లో ఉంది. 2009 జూన్‌లో అధ్యక్షుడు నికొలా సర్కోజీ వెర్సాయ్‌లో పార్లమెంటు ఉభయ సభల ముందు మాట్లాడుతూ, ఫ్రాన్స్ నేల మీద బురఖాకు స్వాగతం లేదన్నారు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ అంచనా ప్రకారం ముఖం కప్పుకునే స్త్రీలు 1,900 మంది. 2010 జులైలో దిగువ సభలో 335 ఓట్లు అనుకూలంగా, ఒక్కటంటే ఒక్కటి వ్యతిరేకంగా పడ్డాయి. 2011 ఏప్రిల్ 11 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. జరిమానా 150 యూరోల వరకు. ఒక స్త్రీని బలవంతంగా ముసుగు వేయించినవారికి ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా.

అమలులోకి వచ్చిన రోజే ఒక యువతి యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. ఫ్రెంచి పౌరురాలు, పాకిస్తానీ మూలాలు. పేరు బయటపెట్టలేదు, కేసు పత్రాల్లో ఎస్.ఎ.ఎస్. అన్న మూడు అక్షరాలే. తనను ఎవరూ బలవంతం చేయడం లేదంది. ముసుగు అన్నివేళలా వేసుకోననీ, మనసుకు తోచినప్పుడే వేసుకుంటాననీ చెప్పింది. బ్యాంకులో, విమానాశ్రయంలో తనిఖీకి అడిగితే ముఖం చూపిస్తానంది.

2014 జులై 1న తీర్పు వచ్చింది. దాన్ని నెమ్మదిగా చదవాలి. భద్రత కోసమే నిషేధమన్న ఫ్రాన్స్ వాదనను కోర్టు ఒప్పుకోలేదు. గుర్తింపు అవసరమైన చోట ముఖం చూపమంటే సరిపోతుందంది. స్త్రీల సమానత్వం కోసమన్న వాదననూ ఒప్పుకోలేదు. స్త్రీలే తమ హక్కుగా అడుగుతున్న దాన్ని, వాళ్ల సమానత్వం పేరు చెప్పి ప్రభుత్వం నిషేధించలేదంది. ఇన్ని కాదన్న తరువాత కూడా నిషేధం నిలబడింది. దేని మీద? "కలిసి బతకడం" అన్న ఒక్క మాట మీద. సమాజంలో ఒకరికొకరు ముఖం చూపుకోవడం కలిసి బతకడంలో భాగమని ప్రభుత్వం అనుకుంటే, అలా అనుకునే వెసులుబాటు దానికి ఉందని 17 మంది న్యాయమూర్తుల్లో 15 మంది అన్నారు. విభేదించిన ఇద్దరూ మహిళలు. బహిరంగ ప్రదేశంలో ఎవరితోనూ కలవకుండా, బయటి మనిషిగా ఉండిపోయే హక్కు కూడా మనిషికి ఉంటుందని వాళ్లు రాశారు.

నాలుగేళ్ల తరువాత, 2018లో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం ఇదే ఫ్రెంచి చట్టం ఇద్దరు స్త్రీల మత స్వేచ్ఛను ఉల్లంఘించిందని తేల్చింది. ఒకే చట్టం, రెండు అంతర్జాతీయ వేదికలు, రెండు తీర్పులు. చట్టం మాత్రం అలాగే ఉంది.

[దృశ్యం: తెల్లవారుజామున నాలుగు గంటలు. బాసెల్ నగరం. వీధి దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. డప్పులు, పిల్లనగ్రోవులు. రంగుల లాంతర్లు.]

స్విట్జర్లాండ్‌కు తిరిగి వద్దాం. బాసెల్ నగరంలో ప్రతి ఏటా ఒక సోమవారం తెల్లవారుజామున ఊరి దీపాలన్నీ ఆర్పేస్తారు. చీకట్లో వేల మంది పెద్ద పెద్ద ముఖతొడుగులతో, లాంతర్లతో, డప్పులు కొడుతూ వీధుల్లోకి వస్తారు. మూడు రోజులు ఊరంతా ముసుగే. ముసుగు వెనుక ఎవరున్నారో తెలియకపోవడంలోనే ఆ పండుగ ఆనందం ఉంది. కొత్త నిషేధంలో ఈ పండుగకు మినహాయింపు ఉంది. "స్థానిక ఆచారాలు" అన్న మాట రాజ్యాంగంలోనే రాశారు. ఆరోగ్యం, భద్రత, వాతావరణం కూడా మినహాయింపులే. మతం ఆ జాబితాలో లేదు, ప్రార్థనా స్థలాల లోపల తప్ప.

అయినా బాసెల్ నగరం ఉన్న కాంటన్ నిషేధం వద్దని ఓటు వేసింది. జెనీవా, జ్యూరిక్, బెర్న్ కూడా వద్దన్నాయి. అంటే ముస్లింలు, విదేశీయులు ఎక్కువగా కనిపించే పెద్ద నగరాలు ఉన్న కాంటన్లు. పక్క సీటులో కూర్చున్న మనిషికి భయపడటం కష్టం. పోస్టరు మీద మాత్రమే చూసిన మనిషికి భయపడటం తేలిక.

ఓటు జరిగిన ఆ 2021లో ఇంకొకటి కూడా జరిగింది. కరోనా. బాసెల్ పండుగ రద్దయింది. దుకాణంలో, రైల్లో, ఆఫీసులో అందరి ముక్కూ నోరూ మాస్కు వెనుకే. ముఖం కనిపించకపోతే మనుషులు కలిసి బతకలేరన్న మాటను, ముఖం సగం కప్పుకున్న దేశం చర్చించింది. కష్టమైంది, నిజమే. కానీ పాలు అమ్మే ఆవిడ కళ్లు చూసి జనం నవ్వు పోల్చుకున్నారు.

[దృశ్యం: జరిమానా రసీదు దగ్గరగా. పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంటుంది.]

2025 జనవరి 1 నుంచి ఈ నిషేధం దేశమంతటా చట్టంగా అమలవుతోంది. జరిమానా అక్కడికక్కడే కట్టేస్తే 100 స్విస్ ఫ్రాంకులు. కట్టనంటే 1,000 ఫ్రాంకుల వరకు.

రాజ్యాంగంలో చేర్చిన అధికరణంలో రెండో వాక్యం ఒకటి ఉంది. స్త్రీ అనో పురుషుడు అనో కారణం చూపి ఎవరి ముఖాన్నీ బలవంతంగా కప్పించకూడదని. ఆ వాక్యానికి నేను రెండు చేతులా ఓటు వేస్తాను. కానీ మనిషిని బలవంతం చేయడం స్విస్ నేరచట్టంలో ఎప్పటినుంచో నేరమే, మూడేళ్ల వరకు జైలు ఉంది. కొత్తగా వచ్చింది ఈ 100 ఫ్రాంకుల రసీదు. భర్త బలవంతం చేశాడా, తండ్రి చేశాడా, తానే కోరుకుందా అన్న ప్రశ్న దాని మీద లేదు. రోడ్డు మీద పోలీసు దాన్ని ఇచ్చేది ముసుగులో ఉన్న ఆమె చేతికే.