బట్టీ బయట మొదలైన పని: పాల్ సోల్డ్‌నర్, అమెరికన్ రాకూ

నమస్కారం. 1960లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో జరిగిన ఒక చేతివృత్తుల ప్రదర్శనలో, పాల్ సోల్డ్‌నర్ అనే సెరామిక్ శిల్పి జనం ముందు రాకూ, అంటే ఎర్రగా కాగుతున్న మట్టిపాత్రను బట్టీలోంచి బయటికి తీసి చల్లార్చే జపాన్ పద్ధతి, కాల్చి చూపించడానికి పూనుకున్నారు. ఆ పద్ధతిని ఆయన ఏ గురువు దగ్గరా నేర్వలేదు. బ్రిటిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ పుస్తకంలో చదివిందే ఆయనకు ఆధారం. ఎర్రగా కాగిన పాత్రలను పటకారుతో తీసి చల్లార్చాక చూస్తే, అవి ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. పొగ పట్టిస్తే ఏమైనా మారుతుందేమోనని, ఒక పాత్రను దగ్గర్లోని పెప్పర్ చెట్టు ఆకుల్లో దొర్లించారు. నేటి అమెరికన్ రాకూకు అదే నాంది అని చాలామంది చెబుతారు గానీ, హాల్ రీగర్ వంటి ఇతర అమెరికన్ సెరామిక్ కళాకారులూ ఆ కాలంలోనే రాకూతో ప్రయోగాలు చేస్తున్నారు కనుక, ఘనతంతా ఒక్కరికే కట్టబెట్టడం నాకు సబబుగా తోచదు.

జపాన్ రాకూ దారి వేరు. 16వ శతాబ్దం చివర క్యోటోలో, తేనీటి ఆచార్యుడు సెన్ నో రిక్యూ అభిరుచికి తగ్గట్టు చోజిరో అనే కళాకారుడు కుమ్మరి సారె వాడకుండా చేత్తోనే గిన్నెలు మలిచాడు. ఆ నల్ల గిన్నెల నలుపు పొగ వల్ల వచ్చింది కాదు. ఇనుము, మాంగనీసు కలిసిన గ్లేజును, అంటే పాత్ర మీది గాజులాంటి పూతను, కాగుతుండగానే బయటికి తీసి ఉన్నపళంగా చల్లార్చడం వల్ల వచ్చింది.

1921లో ఇల్లినాయ్‌లో పుట్టిన సోల్డ్‌నర్, రెండో ప్రపంచ యుద్ధంలో వైద్య సహాయకుడిగా పనిచేసి, ముప్పై దాటాక గానీ మట్టిని వృత్తిగా ఎంచుకోలేదు. 1954లో లాస్ ఏంజెలెస్‌లో సెరామిక్ శిల్పి పీటర్ వోల్కస్‌కు తొలి విద్యార్థిగా చేరి, మనిషి ఎత్తును మించిన పాత్రలను చేశారు. తర్వాత స్క్రిప్స్ కళాశాలలో 1991 వరకు బోధించారు. సారెలనూ, మట్టి కలిపే యంత్రాలనూ స్వయంగా రూపొందించి అమ్మారు కూడా.

ఇక కాల్పు సంగతి. రాకూలో వేడి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక, గ్లేజు కరిగి నిగనిగలాడుతుండగానే పాత్రను బయటికి లాగుతారు. మట్టిలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కుంచించుకుపోతుంది కాబట్టి, నున్నని చిక్కటి మట్టి అయితే పగిలిపోతుంది. అందుకే కాల్చిన మట్టి రవ్వను, అంటే గ్రాగ్‌ను, దండిగా కలుపుతారు. బయటి గాలి తగలగానే గ్లేజు టిక్కు టిక్కుమంటూ సన్నగా చిట్లుతుంది. పాత్రను రంపపు పొట్టులో పెట్టగానే మంట భగ్గుమంటుంది, వెంటనే మూత వేస్తారు. లోపల గాలి అందని మంట, గ్లేజులోని రాగి ఆక్సైడ్ నుంచే ఆక్సిజన్‌ను లాక్కుంటుంది; దాంతో అది లోహపు రాగిగా మారి తళతళలాడుతుంది. మసి మాత్రం గ్లేజు లేని మట్టిలోకీ, ఆ చిట్లిన గీతల్లోకీ ఇంకి నల్లబడుతుంది. మూత తొందరపడి తీస్తే రాగి మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి ఆకుపచ్చగా మారుతుంది. జాగ్రత్తగా చేసినా ఏళ్లు గడిచేకొద్దీ ఆ మెరుపు మందగిస్తుంది.

ఈ తళుకునే రాకూ అనుకునేవారు చాలామంది ఉన్నారు. సోల్డ్‌నర్ పనితనం దానికి దూరంగా నిలుస్తుందని నేననుకుంటాను. ఆయన చాలాచోట్ల గ్లేజు మానేసి, తెల్లని స్లిప్పు (పలుచని మట్టి పూత) మీద రాగి, ఇనుము ఆక్సైడ్లతో కుంచె గీతలు గీసి, పొగ పెట్టే అదును చూసుకొని, ఆ గీతల అంచుల వెంట మసక వలయాలు రప్పించారు.

రాకూ పాత్ర మట్టి పూర్తిగా గట్టిపడదు, నీరు ఇంకుతుంది, కాబట్టి అది నిత్యావసరాలకు పనికిరాదు. ఆ పరిమితే ఆయనకు కలిసివచ్చింది: సారె మీద తీసిన పాత్రలను అదిమి, వంచి, మట్టి పలకలు జోడించి, వాటి మీద బూట్ల అడుగుల ముద్రలు సైతం వేసి శిల్పాలుగా మార్చారు. తర్వాతి దశాబ్దాల్లో తక్కువ వేడిలోనే బట్టీలో ఉప్పు ప్రయోగించి, గ్లేజు లేని మట్టి మీద గులాబీ, నారింజ ఛాయలు రప్పించే పద్ధతిని 2011లో కన్నుమూసేలోపు తనదైన మరో శైలిగా స్థిరపరిచారు.