అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ హాలు: సీలింగు విప్పితే బయటపడ్డ పని

నమస్కారమండీ. ఈ వారం రివ్యూ కొత్త స్పీకరుదీ కాదు, ప్రొజెక్టరుదీ కాదు. ఒక పనిది. అమీర్‌పేటలో ఒక కమర్షియల్ బిల్డింగు, మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే పెద్ద హాలు. సామాను పెట్టి ఏడాది కూడా కాలేదు. మైకులో ఆగకుండా గుయ్యిమని మోత. సౌండు పెంచితే ఆంప్లిఫయరు ఆగిపోతుంది. క్లాసు నడుస్తుండగా స్క్రీను నల్లబడుతుంది. ఓనరుగారు విసిగిపోయి "అంతా తీసేసి కొత్తది పెట్టండి" అన్నారు. వద్దు సార్, ముందు సీలింగు విప్పి చూద్దాం అన్నాను. ఈ పని చేసినవాళ్ల పేరు చెప్పను. పని మాత్రం దాచకుండా చూపిస్తాను.

ముందు సౌండు. 18 సీలింగు స్పీకర్లు, 120 వాట్ల ఆంప్లిఫయరు. ఇది 100 వోల్టుల లైను సిస్టం. అంటే ప్రతి స్పీకరు వెనకా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, ఇదిగో ఇది. ఆ స్పీకరు ఎన్ని వాట్లు లాగాలో దీని మీదున్న ట్యాపింగు చూసి మనమే వైరు కలపాలి. ఇక్కడ 17 స్పీకర్లను 10 వాట్ల మీద కలిపేశారు. లెక్క వేయండి, 170 వాట్లు. ఉన్నది 120.

పద్దెనిమిదో స్పీకరు చూసి నాకు నోట మాట రాలేదు. దీనికి ట్రాన్స్‌ఫార్మరే లేదు. మామూలు 8 ఓమ్స్ స్పీకరు. మధ్యలో ఒకటి కాలిపోతే, దొరికింది తెచ్చి తగిలించి వెళ్లారని అక్కడి అటెండరు అన్న చెప్పాడు. 100 వోల్టుల లైనుకు 8 ఓమ్స్ స్పీకరు తగిలిస్తే, ఫుల్ సౌండులో అదొక్కటే 1,250 వాట్లు అడుగుతుంది. 120 వాట్ల ఆంప్లిఫయరు ఎక్కణ్నుంచి తెస్తుందండీ? అందుకే చిన్నగా పెడితే పలికేది, పెంచగానే ప్రొటెక్షన్‌లోకి, అంటే తనను కాపాడుకోవడానికి తానే ఆగిపోయే స్థితిలోకి, పోయేది. పాపం, ఆ ఆంప్లిఫయరును రెండుసార్లు సర్వీసుకు కూడా పంపారు. దానిలో ఏ లోపమూ లేదు.

ఆ స్పీకరు తీసేసి సరైనది పెట్టాం. మొత్తం 18నీ 5 వాట్ల ట్యాపింగుకు మార్చాం. 90 వాట్లు. ఆంప్లిఫయరుకు ఇంకా ఊపిరి మిగిలింది. సీలింగు ఇంత తక్కువ ఎత్తులో ఉన్న హాలుకు 5 వాట్లు చాలు.

ఇప్పుడు స్క్రీను. ఆంప్లిఫయరు, మిగతా సామాను పెట్టిన స్టాండు, అంటే రాక్, నుంచి ప్రొజెక్టరు దాకా దాదాపు 20 మీటర్లు. రెండు మామూలు హెచ్‌డీఎంఐ కేబుళ్లను మధ్యలో జాయింటరుతో కలిపి సీలింగులో పడేశారు. మామూలు రాగి హెచ్‌డీఎంఐతో 4కే పిక్చరు అంత దూరం నమ్మకంగా పోదు. పక్కనే ఒక క్యాట్ 6 వైరు, అంటే నెట్‌వర్క్ కేబులు, వాడకుండా పడి ఉంది. దాని మీద హెచ్‌డీబేస్‌టీ నడుపుదామనుకున్నాం, అంటే ఆ వైరు మీదే పిక్చరును దూరం పంపే పద్ధతి. కొస దగ్గర బ్లేడుతో గీరాను. చూడండి, పైన రాగి రంగు, లోపల తెల్లగా మెరుస్తోంది. అల్యూమినియం మీద రాగి పూత. క్యాట్ 6 ప్రమాణం అడిగేది అసలు రాగి. కొనే ముందు మీరూ ఇలాగే గీరి చూడండి, అర నిమిషం పని. అసలు రాగి వైరు కొత్తగా లాగాం, రెండు కొసలకీ హెచ్‌డీబేస్‌టీ బాక్సులు పెట్టాం, పిక్చరు నిలబడింది.

ఇక ఆ మోత. ఇక్కడ కాస్త ఆగి చెప్తాను. మైకు వైరూ, ఏసీకి పోయే 230 వోల్టుల వైరూ ఒకే పైపులో తోసేశారు. అది ఒక కారణం. రెండోది, స్టేజీ దగ్గర ల్యాప్‌టాపుకు కరెంటు ఒక బోర్డు నుంచి, రాక్‌కు ఇంకో బోర్డు నుంచి. రెండు ఎర్తుల మధ్య తేడా ఆడియో వైరులోకి దిగి మోతగా వినిపిస్తుంది. దీన్ని ఆపడానికి వాళ్లేం చేశారో చూడండి. ఆంప్లిఫయరు త్రీపిన్ ప్లగ్గు విప్పాను. ఆకుపచ్చ వైరు, అంటే ఎర్తు వైరు, కత్తిరించి టేపు చుట్టేశారు.

దయచేసి ఈ పని ఎవరూ చేయకండి, చేయనివ్వకండి. ఎర్తు లేనప్పుడు లోపల ఒక వైరు ఊడి బాడీకి తగిలితే ఎంసీబీ పడదు, రాక్ మొత్తం కరెంటుతో నిలబడి ఉంటుంది. దాని నుంచి వచ్చే వైరుకే ఇనుప మైకు. ఆ మైకును పెదవుల దగ్గర పెట్టుకుని రోజూ ఆరు గంటలు పాఠం చెప్పే మేడంగారు ఉన్నారు అక్కడ. ఆవిడ నాతో, "అప్పుడప్పుడు చేతికి చిమచిమలాడుతుందండీ, నా భ్రమేమో అనుకున్నాను" అన్నారు. భ్రమ కాదమ్మా. ఆ మాట విన్నాక ఇంకేం పనీ ముట్టుకోలేదు, ముందు ఎర్తు కలిపాం.

తర్వాత స్టేజీనీ రాక్‌నీ ఒకే బోర్డు మీదికి తెచ్చాం. ల్యాప్‌టాపుకూ మిక్సరుకూ మధ్య ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు బాక్సు పెట్టాం, అది సౌండును పోనిస్తుంది, రెండింటి వైర్లూ నేరుగా కలవకుండా ఆపుతుంది. మైకు వైరుకు వేరే పైపు, కరెంటు పైపుకు అడుగు దూరంలో. దాటాల్సిన చోట అడ్డంగా, లంబకోణంలో మాత్రమే దాటించాం. మోత పోయింది. వినండి... మైకు ఆన్‌లోనే ఉంది.

స్పీకర్లు ఊడినా కింద పడకుండా పట్టుకునే సేఫ్టీ వైర్లు లేవు, కట్టాం. ప్రతి కేబులు రెండు కొసలకీ నంబరు చీటీలు అంటించాం, రూటు గీసిన కాగితం రాక్ తలుపు లోపల ఉంది.

మార్చిన సామాను ఒక స్పీకరు, ఒక హెచ్‌డీబేస్‌టీ సెట్టు, ఒక ఐసోలేషన్ బాక్సు, వైర్లు, పైపులు. ప్రొజెక్టరు, ఆంప్లిఫయరు, మిక్సరు, మైకులు, మిగతా 17 స్పీకర్లు అన్నీ పాతవే.

ఒక్కటి మిగిలింది. రాక్‌ను గాలి ఆడని చెక్క బీరువాలో పెట్టారు. మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడి. పైనా కిందా జాలీ కోయడానికి కార్పెంటరు సోమవారం వస్తున్నాడు. అయ్యాక లోపలి వేడి కొలిచి, ఆ నంబరు కింద కామెంటులో పెడతాను.