ఆరు నెలల లెక్క: అమెరికా మిలీషియా ముసలివాళ్ల పెన్షన్ కథ

సభకు నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే జార్జ్ వాషింగ్టన్, ఆయన సైన్యం గుర్తొస్తాయి. నేను ఇవాళ మాట్లాడేది ఆ సైన్యంలో జీతానికి చేరినవాళ్ల గురించి కాదు, మిలీషియా గురించి. మిలీషియా అంటే ఊళ్లో ఉండే రైతులు, కమ్మర్లు, వడ్రంగులే. శత్రువు వస్తున్నాడని కబురందితే తుపాకీ తీసుకుని వెళ్లేవారు. రెండు మూడు నెలలు పనిచేసి ఇంటికొచ్చి కోతలు చూసుకునేవారు. మళ్లీ పిలుపొస్తే మళ్లీ ప్రయాణం. తండ్రికి వంతు పడితే కొడుకు వెళ్లేవాడు. డబ్బున్నవాడు తనకు బదులు ఇంకొకణ్ణి పంపేవాడు. 1780 అక్టోబర్ 7న కింగ్స్ మౌంటెన్ దగ్గర బ్రిటిష్ రాజు పక్షాన నిలిచిన దళాన్ని సుమారు గంటలో మట్టి కరిపించింది ఇలాంటి వాళ్లే.

యుద్ధం 1783లో ముగిసింది. వీళ్లకూ పెన్షన్ ఇచ్చే చట్టం 1832 జూన్ 7న వచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో తుపాకీ పట్టినవాడికి అప్పటికి డెబ్బై దాటేశాయి.

మధ్యలో ఒక చట్టం వచ్చింది కానీ అది వీళ్లది కాదు. 1818లో ప్రెసిడెంట్ మన్రో, ఆయనే స్వయంగా ఈ స్వాతంత్ర్య యుద్ధంలో ట్రెంటన్ పోరులో గాయపడినవాడు, పేద మాజీ సైనికులకు పెన్షన్ ఇప్పించాడు. మామూలు సిపాయికి నెలకు 8 డాలర్లు. అయితే వాషింగ్టన్ నడిపిన కాంటినెంటల్ సైన్యంలో కనీసం 9 నెలలు చేసినవాళ్లకే. దరఖాస్తులు వెల్లువెత్తాయి. ప్రభుత్వం కంగారుపడి 1820లో కొత్త మెలిక పెట్టింది: మీ ఆస్తుల జాబితా కోర్టులో ఇవ్వండి, మీరు నిజంగా పేదవాళ్లో కాదో మేం చూస్తాం. మెయిన్ రాష్ట్రంలో ఉండే మాజీ సైనికుడు జోసెఫ్ ప్లమ్ మార్టిన్ ఇచ్చిన జాబితాలో కట్టుబట్టలు, పరుపులు పోగా ఉన్నవి రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. యుద్ధం దాదాపు మొదట్నుంచి చివరిదాకా తిరిగిన మనిషి, అరవైకి చేరువలో కోర్టులో నిలబడి తన పందిని కూడా లెక్క చెప్పాల్సి వచ్చింది. మిలీషియావాళ్లకు ఆ భాగ్యం కూడా లేదు.

1832 చట్టం ఈ పేదరికం పరీక్షను తీసేసింది. మిలీషియాను కలుపుకుంది. రెండేళ్లు పనిచేసిన సిపాయికి ఏడాదికి 80 డాలర్లు, బతికున్నంతకాలం. ఆరు నెలలు చేస్తే 20. ఆరు నెలలకు తగ్గితే సున్నా. అంటే కింగ్స్ మౌంటెన్‌లో ప్రాణాలకు తెగించి పోరాడినా, మొత్తం సర్వీసు నాలుగైదు నెలలే అయితే ఏమీ రాదు. ఎక్కడో ఒక కోటకు కాపలా కాసి ఆరు నెలలు పూర్తి చేసినవాడికి వస్తుంది. ధైర్యాన్ని కొలిచే కొలమానం ఏ ఆఫీసులోనూ ఉండదు కాబట్టి ప్రభుత్వాన్నీ పూర్తిగా తప్పుపట్టలేం.

మరి ఆ నెలలకు రుజువేది? 1800 నవంబర్‌లో యుద్ధ శాఖ ఆఫీసు తగలబడి కాగితాలు బూడిదయ్యాయి. అందుకే ముసలాయన తన ఊరి కోర్టుకెళ్లి, ప్రమాణం చేసి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎక్కడ పుట్టావు? వయసుకు ఆధారం ఉందా? స్వచ్ఛందంగా వెళ్లావా, వంతు పడిందా, ఇంకొకరి బదులు వెళ్లావా? అయితే ఎవరి బదులు? నీ అధికారులెవరు? డిశ్చార్జ్ కాగితం ఇచ్చారా, దాని మీద ఎవరి సంతకం ఉంది, ఇప్పుడది ఏమైంది? నువ్వు నిజం చెప్పే మనిషివని ఈ చుట్టుపక్కల ఎవరు సాక్ష్యమిస్తారు?

డిశ్చార్జ్ కాగితం దగ్గరే చాలామంది చిక్కుకున్నారు. కొందరికి అసలు ఇవ్వలేదు. ఇచ్చినా యాభై ఏళ్లు దాచిపెట్టాలని ఎవరికి తోస్తుంది? తేదీలు అడిగితే మొక్కజొన్న విత్తే కాలమనో, కోతల ముందనో చెప్పినవాళ్లున్నారు. కెప్టెన్ పేరు, దాటిన నది పేరు, తిండి దొరకని రోజులు బాగా గుర్తున్నాయి. ఆఫీసుకు కావలసింది మాత్రం నెలలూ రోజులూ. ఇంకో సంగతి గమనించాలి: ఆ వాంగ్మూలాల్లో వినిపించే గొంతు పూర్తిగా వాళ్లది కాదు. సంతకం రాని ముసలాయన గీత గీస్తే, మాటలు గుమాస్తా పేర్చాడు. కమీషన్ కోసం కథలు అల్లిన ఏజెంట్లూ బయల్దేరారు. 1834లో పశ్చిమ వర్జీనియాలో సింగిల్టన్ అనే ప్రభుత్వ న్యాయవాది పెన్షనర్ల ఇళ్లకు వెళ్లి ఆరా తీస్తే బోలెడన్ని దొంగ లెక్కలు బయటపడ్డాయి.

మనవాళ్లకూ ఇది కొత్త కాదు. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్‌కూ ఆరు నెలల జైలో, అజ్ఞాతవాసమో చూపించమన్నారు. జైలుకెళ్లినవాడి పేరు రికార్డులో ఉంటుంది. దాక్కున్నవాడి దగ్గర రసీదు ఎక్కడుంటుంది?

ఇక జెహూ గ్రాంట్ సంగతి. రోడ్ ఐలండ్‌లో బానిస. యజమాని బ్రిటిష్ పక్షం మనిషి. తనను బ్రిటిష్ ఓడలకు అప్పగిస్తాడని భయపడి 1777లో పారిపోయి, సైన్యంలో చేరి సరుకుల బండి తోలాడు. సుమారు పది నెలలకు యజమాని ఆచూకీ పట్టి వెనక్కి తీసుకుపోయాడు. 1832లో గ్రాంట్ దరఖాస్తు పెట్టాడు. నెలలు సరిపోయాయి. అయినా కాదన్నారు. యజమాని దగ్గర్నుంచి పారిపోయిన కాలంలో చేసిన సేవ చట్టం కిందికి రాదట! 1836లో ఆయన మళ్లీ రాయించాడు. ఊరూరా స్వేచ్ఛకు గుర్తుగా పాతిన స్తంభాలు లేవడం, జనమంతా స్వేచ్ఛ కోసం కదలడం చూస్తే తనకూ అది నచ్చిందని, అలా అనుకోవడం పాపమైతే దేవుడు క్షమించాలని ఆ ఉత్తరంలో ఉంది. ప్రభుత్వం మాత్రం మనసు మార్చుకోలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత, 1867లో, డేనియల్ బేక్‌మన్ అనే అతి వృద్ధుడు తన సేవకు ఏ రుజువూ చూపించలేకపోయినా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి ఏడాదికి 500 డాలర్లు ఇచ్చింది. అప్పటికి ఆ యుద్ధం చేసినవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఇచ్చినా ఖజానాకు బరువు లేదు.

ఈ ఫైళ్లు సుమారు 80,000, అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లోనూ చూడొచ్చు. మంజూరైన సైనికుల ఫైలు నంబరు ఎస్ అక్షరంతో, వాళ్ల వితంతువులవి డబ్ల్యూతో, తిరస్కరించినవి ఆర్‌తో మొదలవుతాయి. చూడాలనుకునేవాళ్లు ఆర్ ఫైళ్లతో మొదలుపెట్టండి. ఒకసారి కాదనిపించుకున్న మనిషి రెండోసారి ఇంకా వివరంగా చెప్పుకుంటాడు కాబట్టి, ఆ రోజుల కబుర్లు ఎక్కువగా దొరికేది వాటిలోనే.