నాలుగో సంతకం

హనుమకొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, బయట ఎండ సంగతి తెలుసు, ఈ హాల్లో తిరగని ఫ్యాన్ల సంగతీ చూశాను. కాబట్టి సాగదీయను.

మీలో ఎవరింట్లోనైనా పొత్తుల భూమి ఉందా? చేతులు చాలానే లేచాయి. తాత పేరు మీద రెండెకరాలు, నలుగురు అన్నదమ్ములు, అందులో ఒకాయన దుబాయిలో. పంచుకోవాలన్నా, అమ్మాలన్నా ఆయన సంతకం కావాలి. ఆయన ఫోన్ ఎత్తడు. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చినవాళ్ళకు ఈ తిప్పలు నేను చెప్పక్కర్లేదు. ఇవాళ నేను మాట్లాడేది గేమ్ ఇంజిన్ గురించే. కథ మాత్రం అచ్చం ఇదే.

కాలేజీలో ఉన్నప్పుడు మేం నలుగురం హాస్టల్ గదిలో కూర్చుని ఒక చిన్న 2డీ ఇంజిన్ రాశాం. తెర మీద బొమ్మ గీయడం, చప్పుడు వినిపించడం, ఏ బటన్ నొక్కారో పట్టుకోవడం, ఒకటి పోయి ఇంకోదానికి తగిలిందా అని చూడడం, ఆట అడుగున ఈ చాకిరీ అంతా చేసేది ఇంజిన్. మా ఆటలో ఒక పిల్లాడు ఓరుగల్లు కోట గోడల మీద ఉరుకుతుంటాడు. విండోస్ మీద, డైరెక్ట్‌ఎక్స్ 9తో, అంటే విండోస్‌లో బొమ్మలు గీసిపెట్టే మైక్రోసాఫ్ట్ కోడ్‌తో నడిచేది. కోడ్ నెట్‌లో పెట్టేటప్పుడు లైసెన్స్, అంటే ఆ కోడ్‌ను ఎవరైనా ఏ షరతు మీద వాడొచ్చో చెప్పే కాగితం, ఎంచుకోమంటే జీపీఎల్ అని నొక్కాం. క్వేక్ అనే పేరున్న షూటింగ్ ఆట ఇంజిన్‌కు అదే ఉంది, మనకూ అదే ఉండనీ అనుకున్నాం. చదివామా? లేదు, చాలా పొడుగ్గా ఉంది.

కొన్నేళ్ళకు అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఆటను ఆండ్రాయిడ్‌లోకి, ఐఫోన్‌లోకి తేవాలనిపించింది. అప్పుడు చదివాను.

జీపీఎల్ చెడ్డదని నేననను. నా కోడ్ తీసుకుని మార్చి పదిమందికి పంచితే, నీ మార్పులు కూడా అదే షరతు మీద ఇవ్వు అంటుంది. న్యాయమే. ఎంఐటీ లైసెన్స్ అయితే, నా పేరున్న ఆ నాలుగు ముక్కలు చెరపకు, తర్వాత నీ ఇష్టం అంటుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, జీపీఎల్ ఇచ్చిన స్వేచ్ఛ మీద ఇంకో షరతు పెట్టకూడదు, యాప్ స్టోర్ ఏమో తన షరతులు పెడుతుంది. వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌ను 2011 జనవరిలో ఐఫోన్ స్టోర్ నుంచి తీసేసింది ఈ గొడవతోనే. అభ్యంతరం పెట్టింది కూడా దాన్ని రాసినవాళ్ళలో ఒకరే. ఆ తర్వాత వాళ్ళు కోడ్ రాసినవాళ్ళను వెతికి, ఒప్పించి, లైసెన్స్ మార్చుకుని 2013లో మళ్ళీ వచ్చారు.

అంటే లైసెన్స్ మార్చాలంటే మాకు నాలుగు సంతకాలు కావాలి. మూడు దొరికాయి. నాలుగోవాడు దేశం దాటి పోయాడు. మెయిల్‌కు జవాబు లేదు, పాత నంబర్ పలకదు.

ఇక్కడ చట్టం సంగతి రెండు మాటలు, ఎందుకంటే ఇవి మన సిలబస్‌లో ఎవరూ చెప్పరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. నవ్వకండి, మీరు నిన్న రాసిన లూప్‌కూ ఆ లెక్కే. రాసినవాడు బతికున్నంత కాలం, ఆ పైన 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, అది కంపెనీది. ఇంకొకరికి హక్కు బదలాయించాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అనుకుంటారు, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. "తీసుకోరా, నాదేముంది" అని చాయ్ దగ్గర అన్న మాట చెల్లదు.

పేరున్నవాళ్ళకూ ఈ తిప్పలు తప్పలేదు. డూమ్ అనే పాత షూటింగ్ ఆట సోర్స్ కోడ్‌ను 1997 డిసెంబర్‌లో దాన్ని రాసినవాళ్ళలో ఒకడైన జాన్ కార్మాక్ బయటపెట్టినప్పుడు పాత పీసీల డాస్ వెర్షన్ ఇవ్వలేకపోయాడు. అందులో చప్పుడు చేసే లైబ్రరీ, అంటే సిద్ధంగా దొరికే కోడ్, వాళ్ళది కాదు, కొన్నది. లైనక్స్ వెర్షన్ ఇచ్చాడు. మొదట వ్యాపారానికి వాడొద్దన్న లైసెన్స్, 1999లో జీపీఎల్. ఇవాళ డూమ్ ఎక్కని మెషీన్ లేదని జోకులేస్తాం కదా, దానికి వేరేవాళ్ళ ముక్కను తీసి పక్కన పెట్టడం కూడా ఒక కారణం.

మేమూ అదే చేశాం. నాలుగోవాడు రాసింది తగలడం చూసే భాగం, అంటే పిల్లాడి కాలు గోడ మీద ఆనిందా లేదా అనేది. కాపీరైట్ ఉండేది రాసిన తీరుకు, ఆలోచనకు కాదు. అందుకని ఆ కోడ్ చదివిన మేం ముగ్గురం దాన్ని ముట్టుకోలేదు. ఆట ఎట్లా నడవాలో మాటల్లో రాసి, ఆ ఫైల్ ఎప్పుడూ చూడని ఒక జూనియర్ తమ్ముడికి ఇచ్చాం. అతను మొదటి నుంచి రాశాడు.

ఎట్లాగూ విప్పాం కదా అని మిగతాదీ విప్పాం. పరువు పోయింది. డైరెక్ట్‌ఎక్స్ పిలుపులు పప్పులో ఉప్పులాగా ప్రతి ఫైల్‌లో కలిసిపోయి ఉన్నాయి. వాటిని ఏరి ఒకే పలచని పొర కిందికి తెచ్చి, ఆ పొరలో చాలా రకాల మెషీన్ల మీద ఇదే పని చేసిపెట్టే ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ పెట్టాం. అది పాత 1.2లో జీపీఎల్‌నే కాస్త సడలించిన ఎల్‌జీపీఎల్, 2.0 నుంచి ఎంఐటీ లాంటి జెడ్‌లిబ్ లైసెన్స్. చూశారా, అక్కడా లైసెన్సే. ఫైల్ పేరు ఒకచోట పెద్ద అక్షరాలతో, ఇంకోచోట చిన్న అక్షరాలతో రాశాం. విండోస్ పట్టించుకోదు, ఆండ్రాయిడ్ బొమ్మ లేదంటుంది. ఫైల్ చదివే ఒక లూప్ ఫోన్‌లో ఎంతకీ ఆగలేదు. రెండు రాత్రులు టెన్షన్. చివరికి చూస్తే, చదివిన బైట్‌ను క్యార్ అనే, ఒక బైట్ పట్టే డబ్బాలో పెట్టి, ఫైల్ అయిపోయిందని చెప్పే మైనస్ 1 వచ్చిందా అని అడుగుతున్నాం. పీసీలో క్యార్‌కు మైనస్ ఉంటుంది, ఆండ్రాయిడ్ నడిచే ఆర్మ్ చిప్ మీద ఉండదు, 255 వస్తుంది. తప్పు చిప్‌ది కాదు, సీ భాష ఆ రెండింటినీ ఒప్పుకుంటుంది.

నాకు అన్నిటికన్నా సిగ్గనిపించింది తెలుగు. "ఓరుగల్లు" అని రాస్తే మనకు కనిపించేవి నాలుగు అక్షరాలు. ప్రతి అక్షర ముక్కకూ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో 8 కోడ్‌లు. "ల్లు" ఒక్కటే ల, పొల్లు, మళ్ళీ ల, కొమ్ము. వీటిని కలిపి ఒత్తుగా మలిచే పని విండోస్ చేసిపెడుతుంటే, తెలుగు దానంతటదే వస్తుందనుకున్నాం. ఫోన్‌లో మా సొంత ఫాంట్ కోడ్ ఒక్కో ముక్కనూ వరసగా పేర్చింది. ఒత్తు పోయింది, పొల్లు మిగిలింది, మా ఊరి పేరు మా ఆటలోనే నత్తిగా వచ్చింది. హార్ఫ్‌బజ్ అనే, ఈ మలిచే పని చేసే ఉచిత లైబ్రరీ పెట్టాకే కుదిరింది. గోడో లాంటి పెద్ద ఇంజిన్‌లో కూడా ఈ ఏర్పాటు 2023లో నాలుగో వెర్షన్‌తో గానీ రాలేదు. ఇంజిన్ ఎన్ని మెషీన్ల మీద నడుస్తుందని అడుగుతాం, ఎన్ని లిపుల్లో నడుస్తుందని ఎవరం అడగం.

గోడో పేరెత్తాను కాబట్టి, అది ఎంఐటీ. గేమ్ కన్సోల్ కంపెనీలు ఆటలు తయారుచేసే తమ కిట్‌లు రహస్య ఒప్పందం మీదే ఇస్తాయి, ఆ కోడ్‌ను బహిరంగంగా పెట్టే వీల్లేదు. అందుకని గోడోను కన్సోల్ మీద నడిపే పోర్ట్‌లు వేరే కంపెనీలు విడిగా చేస్తాయి. మార్చిన కోడ్ బయటపెట్టమని ఎంఐటీ అడగదు కాబట్టి అది కుదిరింది. పొత్తు తెగినా బాగుండాలనుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆట స్టోర్‌లోకి వచ్చాక ఒక దసరాకు దిగాడు. కాజీపేట స్టేషన్ బయట చాయ్ తాగుతూ నా ఫోన్‌లో ఆడి, "పిల్లాడు అంచు దాటంగనే పడిపోతుండేంది?" అన్నాడు. జూనియర్ రాసింది లెక్క ప్రకారం సరైనదే, కాలు దాటితే పడాలి. "నేను ఆరు ఫ్రేములు ఆగనిచ్చిన. ఆలోపు ఎగిరితే పడడు. లేకుంటే ఆడేటోనికి కోపమొస్తది" అన్నాడు. ఫ్రేమంటే తెర మీద వరసగా గీసే బొమ్మల్లో ఒకటి. ఎక్కడా కామెంట్ రాయలేదు, మేం కోడ్ చదివీ గమనించలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో కూర్చుని దాన్ని మళ్ళీ పెట్టాడు. పెట్టే ముందు లైసెన్స్ కాగితం మీద సంతకం తీసుకున్నాను. సెకనుకు 60 బదులు 120 ఫ్రేములు గీసే 120 హెర్ట్జ్ ఫోన్ల మీద ఆరు ఫ్రేములంటే సగం సమయమే కాబట్టి, ఇప్పుడది 100 మిల్లీసెకన్లని రాసి ఉంది.

ఇక అడగండి. వెనక వరసలో చెయ్యి ఎత్తిన చెల్లెలు ముందు.