లోకల్ ఆర్కిటెక్ట్‌ని ఎప్పుడు పిలవాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

ఏ సిటీలో అయినా పెద్ద టవర్ ఒకటి వస్తోందని ప్రకటన రాగానే ఒక గొడవ మొదలవుతుంది, అరవై అంతస్తులట, డిజైన్ మాత్రం ఎక్కడో సముద్రాల అవతలి కంపెనీదట, ఇక్కడ ఆర్కిటెక్టులు లేరా, వీళ్లకి చేతకాదా అని ఒకళ్లు, చేతనైతే ఇన్నాళ్లూ ఎందుకు కట్టలేదు అని ఇంకొకళ్లు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే ప్రశ్న ఒకటుంది, లోకల్ ఆర్కిటెక్ట్‌ని ఆ పనిలోకి ఎప్పుడు పిలిచారు అని. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

చాలాచోట్ల జరిగేది ఇలా ఉంటుంది. బిల్డర్ ముందు పేరున్న విదేశీ ఆఫీసు దగ్గరికి వెళ్తాడు, వాళ్లు కాన్సెప్ట్ ఇస్తారు. బిల్డింగ్ ఆకారం, ఎత్తు, ఏ వైపుకి తిరిగి ఉండాలి, లిఫ్టులూ మెట్లూ ఉండే కోర్ ఎక్కడ రావాలి, బయట అంతా గాజా లేక గోడా, ఇవన్నీ అక్కడే తేలిపోతాయి, మెరిసిపోయే బొమ్మలు పేపర్లో కూడా వచ్చేస్తాయి. అప్పుడు పిలుస్తారు లోకల్ ఆఫీసుని. పర్మిషన్లు తేవడం, ఫైర్ రూల్స్‌కి సరిపెట్టడం, సైట్‌లో చూసి కట్టడానికి కావాల్సిన వర్కింగ్ డ్రాయింగ్స్ గీయడం, సంతకం పెట్టడం, సైట్‌లో పైపు పోయి బీముకి తగిలిందంటే పరిగెత్తడం, ఇదంతా వీళ్ల పని. చాలా దేశాల్లో ఆ సంతకం పెట్టినవాళ్లే చట్టం ముందు జవాబుదారీ కూడా. బాధ్యతేమో వీళ్ల నెత్తిన, నిర్ణయాలేమో అప్పటికే అయిపోయాయి. ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు.

ఎందుకంటే ఆ ఊరి ఎండా గాలీ వానా ఎలా ఉంటాయో తెలిసిన మనిషి వల్ల అసలు లాభం మొదటి గీత దగ్గరే ఉంటుంది, తర్వాత పిలిస్తే ఆ తెలివి వాడుకునే చోటే మిగలదు. ముంబైలో చార్లెస్ కొరియా డిజైన్ చేసిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్ ఉన్నాయి, 1983లో పూర్తయ్యాయి, 28 అంతస్తులు, 32 ఫ్లాట్లు. ముంబైలో మంచి గాలి వచ్చేది పడమటి నుంచి, సముద్రం వైపు నుంచి. చూడటానికి బాగుండేదీ ఆ వైపే. కానీ మధ్యాహ్నం మాడ్చేసే ఎండా ఆ వైపే, వానాకాలంలో కొట్టే జల్లూ ఆ వైపే. కిటికీ తెరిస్తే ఇల్లంతా తడుస్తుంది, మూస్తే ఊపిరాడదు. పాతకాలం బంగళాలు కట్టినవాళ్లు దీనికి చుట్టూ వరండా వేసి, గదుల్ని లోపలికి జరిపి సరిచేసుకున్నారు. కొరియా ఆ వరండానే పైకి తీసుకెళ్లి టవర్ మూలల్లో పెట్టాడు, రెండంతస్తుల ఎత్తున, ఒక్కో ఇంటికీ ఒక చిన్న తోటలాగా. కింద నుంచి తలెత్తి చూస్తే నిటారు గోడకి మూలలు కొరికేసినట్టు ఖాళీలు కనిపిస్తాయి, గాలి ఆ ఖాళీల్లోంచే ఇంట్లోకి పోతుంది, ఎండా జల్లూ మాత్రం చాలావరకు వరండాలోనే ఆగిపోతాయి. కాన్సెప్ట్ అంతా అయిపోయాక పిలిచి ఇందులో వరండాలు పెట్టండి అంటే పెట్టగలరా, మొత్తం ప్లానే వాటి చుట్టూ అల్లుకుని ఉంది కదా.

కౌలాలంపూర్ పక్కన ఇలాంటిదే ఇంకోటి, మెనారా మెసినియాగా, 15 అంతస్తుల ఆఫీసు, 1992లో పూర్తయింది. మలేషియా ఆర్కిటెక్ట్ కెన్ యాంగ్ చేశాడు. మామూలు ఆఫీసు టవర్లలో లిఫ్టులూ మెట్లూ టాయిలెట్లూ నడిమధ్యలో ఇరికించేస్తారు, అక్కడ పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. ఈయన వాటన్నిటినీ ఎండ గట్టిగా పడే తూర్పు వైపుకి తెచ్చాడు. వేడి ఆ గోడలే మోస్తాయి, లోపల పనిచేసుకునేవాళ్ల దాకా రాదు, పైగా లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లకి బయటి వెలుతురూ గాలీ. నాకు చాలా ఇష్టమైన బిల్డింగ్ ఇది, ఎత్తులో చిన్నదే కానీ.

అయితే పుట్టిన ఊరు వల్లే ఇదంతా వచ్చేస్తుందని నేను అనట్లేదు. కొరియా చదువుకుంది అమెరికాలో, యాంగ్ చదువుకుంది ఇంగ్లండులో. మరోపక్క జెద్దాలో 27 అంతస్తుల బ్యాంకు టవర్ ఒకటి 1983లో వచ్చింది, గీసింది అమెరికన్ గోర్డన్ బన్‌షాఫ్ట్, ఆ ఎండలో బయటికి గాజు పెట్టకూడదని బయటి గోడలన్నీ రాయితో మూసేసి, కిటికీలన్నీ లోపలి వైపు ఖాళీల్లోకి తిప్పేశాడు. శ్రద్ధ ఉంటే బయటివాళ్లూ నేర్చుకుంటారు.

కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్ టవర్స్ అందరికీ తెలిసినవే, 452 మీటర్లు. ఆర్కిటెక్ట్ సీజర్ పెల్లి, అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. భూమి పరీక్ష చేస్తే స్థలంలో ఒక పక్క సున్నపురాయి, ఇంకో పక్క మెత్తటి నేల ఉన్నాయని తేలింది, అలాగే కడితే ఒక పక్క దిగి ఇంకో పక్క దిగక టవర్ ఒరిగిపోతుంది, అందుకని మొత్తాన్నీ దాదాపు 60 మీటర్లు పక్కకి జరిపారు. ఉక్కు దిగుమతి చేసుకోవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, అక్కడి కాంట్రాక్టర్లకి కాంక్రీటు బాగా అలవాటు, అందుకే చాలా గట్టి కాంక్రీటుతో కట్టారు. అంత ఎత్తు బొమ్మ గీయడం బయటి ఆఫీసులో అవుతుంది, కానీ నేల గుణమూ పనివాళ్ల చేతి అలవాటూ ఆ చోటి నుంచే రావాలి.

తైపీ 101 దీనికి తిరగేసిన కథ. ఆర్కిటెక్ట్ సి.వై. లీ తైవాన్‌లో పనిచేసేవాడే, వెదురు గణుపుల్లా ఎనిమిదేసి అంతస్తుల ఎనిమిది ముక్కలు పేర్చినట్టు గీశాడు. కానీ అది తుఫానులూ భూకంపాలూ రెండూ ఉన్న చోటు, స్ట్రక్చర్ కోసం అక్కడి ఇంజినీర్లతో పాటు అమెరికా వాళ్లు కూడా కూర్చున్నారు. పైన 660 టన్నుల ఉక్కు గుండు తాళ్లతో వేలాడుతూ ఉంటుంది, టవర్ అటు ఊగితే ఇది ఇటు ఊగి ఆ ఊపుని తగ్గిస్తుంది. 2015 ఆగస్టులో తుఫాను వచ్చినప్పుడు ఆ గుండు ఏకంగా ఒక మీటర్ ఊగింది. వందలమంది బతుకు ఆధారపడిన చోట, తెలియనిది తెలిసినవాళ్లని అడగడంలో చిన్నతనం ఏముంది?

అసలు ఈ ఎత్తు విద్యే అలా చేతులు మారుతూ వచ్చింది. చికాగోలో 110 అంతస్తుల సియర్స్ టవర్, ఇప్పుడు విల్లిస్ టవర్ అంటున్నారు, నిలబడింది ట్యూబ్ పద్ధతి మీద, అంటే బయటి స్తంభాలన్నీ కలిసి ఒక గొట్టంలా గాలి తోపుని తట్టుకునే పద్ధతి, దాన్ని నడిపించిన ఇంజినీర్ ఫజ్లుర్ రహమాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడు. చికాగో వాళ్లకి ఆయన బయటివాడే కదా. కాకపోతే ఆయన అక్కడే ఉండి, అక్కడి ఆఫీసులో రోజూ కూర్చుని, పక్కవాళ్లకి నేర్పుతూ చేశాడు. దూరం నుంచి డ్రాయింగ్స్ పంపేసి ఊరుకోలేదు.

కంప్యూటర్లు వచ్చేశాయి, ఎండ లెక్కా గాలి లెక్కా ఎక్కడ కూర్చున్నా తెలుస్తాయి, లోకల్ అనుభవంతో పనేముంది అనేవాళ్లున్నారు. 2013లో లండన్‌లో కడుతూ ఉన్న ఒక టవర్ లోపలికి వంగిన గాజు గోడ ఎండని భూతద్దంలాగా వీధిలోకి కొట్టి, ఆపి ఉన్న కారు భాగాలు కరిగించింది, తర్వాత నీడకోసం పలకలు బిగించాల్సి వచ్చింది. కంప్యూటర్లు అప్పుడూ ఉన్నాయి.

బాగా జరిగిన పద్ధతి చూడాలంటే 632 మీటర్ల షాంఘై టవర్. కంపెనీ అమెరికాది, డిజైన్ నడిపించిన జున్ షియా షాంఘై మనిషి, అక్కడి తొంగ్జీ యూనివర్సిటీ డిజైన్ సంస్థ పార్ట్‌నర్‌గా ఉంది. బిల్డర్లకి నేను చెప్పేదీ అదే, విదేశీ ఆఫీసుతో మొదటి మీటింగ్ పెట్టిన రోజే లోకల్ ఆఫీసుకి కూడా కుర్చీ వేయండి, ఫీజులో సరైన వాటా ఇవ్వండి, బోర్డు మీద ఆ పేరు కూడా అదే సైజులో రాయండి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఓపెనింగ్ అయిపోయాక కాన్సెప్ట్ ఆఫీసు ఇంకో సిటీలో ఇంకో టవర్ పనిలో పడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఒక వానాకాలంలో గాజు ప్యానెల్స్ మధ్య సందులు మూసే సీలెంట్ ఎండిపోయి ముప్పయ్యో అంతస్తులో నీళ్లు కారడం మొదలవుతుంది. మెయింటెనెన్స్ వాళ్లు ఫోన్ చేసేది లోకల్ ఆఫీసుకే. అప్పట్లో అక్కడ జూనియర్‌గా చేరిన అమ్మాయి ఆ డిజైన్ మీటింగుల్లో కూర్చుని ఉంటే, ఆ జాయింట్ వెనక నీళ్లు పోయే దారి ఎటు పెట్టారో ఫోన్‌లోనే చెప్తుంది. తను అప్పుడు సంతకాల కాగితాలు మాత్రమే మోసి ఉంటే, ప్యానెల్స్ ఒక్కొక్కటీ ఊడదీసి వెతుక్కోవాల్సిందే.