దాచే డిస్కు, తిరిగే డిస్కు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ గవర్నరుపేటలో ఏదైనా కంప్యూటర్ దుకాణానికి వెళ్లి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కావాలంటే, దుకాణదారు మొదట అడిగేది ఒక టీబీయా, రెండు టీబీలా అని. ధర చెబుతారు, రంగులు చూపిస్తారు, బేరం తేలిపోతుంది. ఆ డిస్కుతో మనకు ఏం పని ఉందో మాత్రం ఎవరూ అడగరు. ఎంపికంతా అక్కడే ఉంది. డిస్కుకు రెండు రకాల పనులుంటాయి. కంప్యూటర్ చెడిపోయినా మన ఫైళ్ల నకలు భద్రంగా ఉంచడం ఒకటి, అది దాచే డిస్కు. స్టూడియోలో యాపిల్ వారి మ్యాక్ కంప్యూటర్ మీద తయారైన పెళ్లి వీడియోను ఇంట్లో విండోస్ కంప్యూటర్‌కు చేరవేయడం మరొకటి, అది చోటు నుంచి చోటుకు తిరిగే డిస్కు. ఈ రెండింటినీ ఒకే డిస్కు నెత్తిన పెట్టవద్దని చెప్పడానికే ఈ వేళ మీ ముందుకు వచ్చాను.

కారణం ఫార్మాట్‌లో ఉంది. డిస్కు మీద ఫైళ్లను ఏ పద్ధతిలో రాసిపెట్టాలో నిర్ణయించేది ఫార్మాట్. విండోస్‌కు సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. 2017 నుంచి మ్యాక్ పద్ధతి ఏపీఎఫ్‌ఎస్. విండోస్ పద్ధతిలో ఉన్న డిస్కును మ్యాక్‌కు తగిలిస్తే ఫైళ్లు చదువుతుంది గాని, విడిగా సాఫ్ట్‌వేర్ వేసుకుంటే తప్ప కొత్తవి రాయదు. మ్యాక్ పద్ధతి డిస్కును విండోస్ తనంతట తాను అసలు చదవనే చదవదు. పైగా తనకు తెలియని పద్ధతి డిస్కు కనిపిస్తే, ఫార్మాట్ చేయమంటారా అని ఒక్కోసారి విండోస్ అడుగుతుంది. అలవాటు చొప్పున సరే అని నొక్కారా, ఉన్నదంతా పోయినట్లే. ఆ ప్రశ్న కనిపించగానే చేయి వెనక్కి తీసుకోండి, డిస్కు బయటకు తీసి, అది ఎవరి దగ్గర ఏ కంప్యూటర్ మీద నిండిందో కనుక్కోండి.

అందరికీ చెల్లే పాత పద్ధతి ఒకటుంది, దాని పేరు ఫ్యాట్‌32. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఈ రోజుల్లో ముహూర్తం ఘట్టం వీడియో ఒక్కటే అంతకు మించిపోతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి మైక్రోసాఫ్ట్ 2006లో ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతి తెచ్చింది. విండోస్, మ్యాక్ రెండూ అందులో చదువుతాయి, రాస్తాయి. విండోస్, మ్యాక్‌లలాగే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ మూలభాగంలోకి కూడా అది 2019లో వచ్చి చేరింది. తిరిగే డిస్కుకు ఎక్స్‌ఫ్యాట్‌ను మించినది లేదు. కొన్ని పాత టీవీలు మాత్రం దానిని గుర్తించవు.

మరి దాచే డిస్కుకు కూడా అదే పెట్టుకుంటే సరిపోదా? సరిపోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ మన కిరాణా కొట్టు పద్దులాగా, డిస్కు మీది వివరాల్లో ఏ మార్పు చేయబోతున్నా ముందు చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా, తిరిగి వచ్చాక ఆ చిట్టా చూసి లెక్క సరిచేసుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు అలాంటి చిట్టా లేదు. నకలు రాస్తుండగా డిస్కు లాగేస్తే, ఒక్కోసారి ఆ ఒక్క ఫైలుతో పాటు మొత్తం ఫోల్డర్లే గల్లంతవుతాయి. అదీగాక మ్యాక్‌లో నకళ్లు తీసే టైమ్ మెషిన్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ఫ్యాట్ డిస్కును బ్యాకప్‌కు ఒప్పుకోదు, చెరిపేసి తన పద్ధతిలోకి మార్చుకుంటానంటుంది. కాబట్టి దాచే డిస్కు ఏ కంప్యూటర్‌కు నకలో, ఆ కంప్యూటర్ సొంత పద్ధతిలోనే ఉండాలి.

ఇక డిస్కు లోపల ఏముండాలన్నది. లోపల పళ్లెం తిరిగే మామూలు హార్డ్ డిస్కు ఒక రకం, కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ మరో రకం. తిరుగుతున్న పళ్లెం మీద చదివే ముల్లు వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎడం కూడా లేకుండా తేలుతూ ఉంటుంది. పనిచేస్తుండగా బల్ల మీద నుంచి పడితే ఏమవుతుందో ఊహించండి. అందుకే రోజూ సంచిలో బస్సెక్కే డిస్కు ఎస్‌ఎస్‌డీ అయితే మంచిది. బీరువాలో ఉండే దానికి పళ్లెం డిస్కే మేలు: అదే డబ్బుకు చాలా ఎక్కువ చోటు దొరుకుతుంది. పైగా ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పక్కన పడేస్తే అందులోని సమాచారం చెదిరే ప్రమాదం ఉంది. చోటు విషయంలో, ఇప్పుడున్న ఫైళ్లకు రెట్టింపు పట్టేది తీసుకోండి. ఒక టీబీ, అంటే వెయ్యి జీబీ, అని కొన్నది విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తే కంగారు పడవద్దు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1,024తో లెక్కిస్తుంది. 16 టీబీ రెండు వేల రూపాయలకే అనే ప్రకటన మాత్రం పచ్చి మోసం. అలాంటి డిస్కులు పెద్ద సంఖ్య చూపించి, అసలు చోటు నిండగానే పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తాయి.

కేబుల్ సంగతీ చూసుకోండి. యూఎస్‌బీ 3 రంధ్రంలో పెడితే పళ్లెం డిస్కుకు 100 జీబీ ఎక్కించడానికి సుమారు పావుగంట పడుతుంది. పాత యూఎస్‌బీ 2 అయితే ముప్పావుగంట దాటుతుంది.

విజయవాడ అచ్చు పనికి పేరున్న ఊరు కాబట్టి, డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకు పేజీలు కూర్చే పని, చేసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలకు ఒకే సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌కు ముందు నాటి తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు ఇంకా ఎందరి కంప్యూటర్లలోనో ఉన్నాయి. ఫైలు ఒక్కటే దాచుకుని ఫాంటు దాచకపోతే, పదేళ్ల తర్వాత తెరిచినప్పుడు అక్షరాల స్థానంలో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఒక రచయిత ఏళ్ల శ్రమ అలా చదవడానికి వీల్లేకుండా మిగిలిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఫైలు, ఫాంటు, ఒక పీడీఎఫ్ నకలు, ఈ మూడూ ఒకే ఫోల్డరులో పెట్టండి. ఫైలు పేరు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు. ప్రశ్నార్థకం, కోలన్ వంటి గుర్తులు మాత్రం పేరులో వద్దు, విండోస్ వాటిని ఒప్పుకోదు.

డిస్కు ఎక్కడ ఉంచాలన్నది అన్నిటికన్నా తక్కువ మంది ఆలోచించే విషయం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. కంప్యూటర్, దాని పక్కనే బ్యాకప్ డిస్కు, రెండూ ఒకే గదిలో ఉంటే ఒకే నీటిలో మునుగుతాయి. మూడు నకళ్లు, రెండు రకాల పరికరాలు, అందులో ఒకటి వేరే చోట అని ఫొటోగ్రాఫర్లు పాటించే నియమం ఒకటుంది. దానిని ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా ఫొటోగ్రాఫరే. మీ బంధువులు గుంటూరులో ఉంటే ఒక డిస్కు వాళ్లింట్లో ఉంచండి. పండక్కి వెళ్లినప్పుడు కొత్త ఫైళ్లు చేర్చి మళ్లీ అక్కడే పెట్టిరండి. ఎండాకాలంలో మూసిన కారులో మాత్రం ఏ డిస్కునూ వదలవద్దు.

ఇంట్లో ఉండే డిస్కును కూడా ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వస్తే, తగిలించి ఉన్న డిస్కుకూ తాళం పడుతుంది. పని కాగానే ఎజెక్ట్ నొక్కి తీసేయండి. కొన్న మొదటి వారంలోనే దాచిన డిస్కు నుంచి ఒక ఫోల్డరును మరో కంప్యూటర్‌లోకి దింపి, నాలుగు ఫొటోలు, ఒక వీడియో, ఒక పత్రం తెరిచి చూడండి. తెరుచుకోకపోతే డిస్కు ఇంకా వారంటీలోనే ఉంటుంది, అసలు ఫైళ్లు ఇంకా మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి.

నమస్కారం.